ఎడారి యాత్రకు జైసల్మేరే పోవాలా?

ఈ సంవత్సరం విద్యావిహారయాత్రకు జైసల్మేరు వెళ్ళి, ఎడారిలో రెండు రాత్రులు శిబిరం వేసుకుందామన్న ప్రతిపాదన మిత్రబృందంలో వినవస్తున్నది. ఇసుక తిన్నెల నడుమ డేరా వేసుకొని, నక్షత్రాల కింద నిద్రించి, వేకువ చలిలో నడక సాగించాలన్న కోరికను ఎవరు కాదనగలరు? అయినా ఆ కాగితం కళాశాల కార్యవర్గంవారి ముందుకు పోకమునుపే తోటి విద్యార్థులకు, పెద్దలకు ఒక మనవి చేయదలచాను. ఆ శిబిరం తలకోనలో వేద్దాం.

రాజస్థానంలోని ఎడారి జాతీయోద్యానం జైసల్మేరు, బాడ్‌మేరు జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉన్నది. అందులో ఇసుక తిన్నెలు ఐదవ వంతుకు మించవు. తక్కినదంతా రాతి నేల, గడ్డి బీళ్ళు, ఉప్పు పల్లాలు. చలనచిత్రాలలో చూచి మనం కలగంటున్నది ఆ ఐదవ వంతును మాత్రమే. అక్కడి బట్టమేక పక్షిని చూడాలని ఒక మిత్రుడు ఉవ్విళ్ళూరుతున్నాడు. ఆ పక్షి కోసమే 1988లో మన కర్నూలు సీమలోని రోళ్ళపాడులో ఒక అభయారణ్యాన్ని ఏర్పరచారనీ, నేడు అక్కడ దాని దర్శనమే గగనమైపోయిందనీ అతనికి తెలియదు. దూరపు కొండల నునుపు అంటే ఇదే కాబోలు!

శేషాచలం ఎడారి కాదు. ఆ మాట చెప్పి ఎవరినీ ఆశపెట్టను. కాని ఉర్దూ మిత్రులు అడవిని ‘జంగల్’ అంటారు గదా, ఆ పదానికి మూలం సంస్కృతంలోని ‘జాంగలం’. ఆయుర్వేదజ్ఞులు భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించారు. వారి దృష్టిలో జాంగలమంటే దట్టమైన కీకారణ్యం కాదు. నీరు తక్కువై, చెట్లు పలుచనై, ఎండా గాలీ హెచ్చుగా ఉండే మెట్టభూమి. ఆ పాత అర్థంలో చూస్తే మన శేషాచలం అచ్చమైన జంగల్. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే చదువుకొనే మన కళాశాలకు ఇంతకంటె తగిన చోటు మరొకటి ఉన్నదా?

ఈ కొండలలో 353 చదరపు కిలోమీటర్ల అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమైనది. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది దక్షిణ తూర్పు కనుమలలోని ఈ కొద్దిపాటి సీమలోనే. రాతి నేల, చాలీచాలని వాన, మండుటెండ ఆ చెట్టు చేవను గట్టిపరుస్తాయి. ఈతచెట్టును తలపించే పేరిత అనే ప్రాచీన జాతి మొక్క, రాతి పగుళ్ళలో బంగారు బల్లి, రాత్రివేళ పెద్ద కన్నులతో కదలాడే దేవాంగపిల్లి, కొమ్మ నుండి కొమ్మకు దూకే బెట్లుడుత ఈ కొండలలోనే ఉన్నాయి. తిరుమల కనుమదారిలో దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి శిల మీద 160 కోట్ల సంవత్సరాల నాటి శిల పరచుకొని ఉన్నది. నడుమ ఎనభై తొంభై కోట్ల సంవత్సరాల చరిత్ర జాడలేకుండా పోయింది. భూగర్భశాస్త్ర విద్యార్థులు దూరదేశాల నుండి వచ్చి చూచే ఆ చోటును మనం బస్సు కిటికీలోనుండి చూడకుండానే దాటిపోతున్నాం.

ఈ అడవిని ఎరిగినవారు యాత్రికులు, అటవీ ఉద్యోగులు, గొడ్డలి పట్టిన కూలీలు. 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం నరకవచ్చారన్న ఆరోపణపై పోలీసులు జరిపిన కాల్పులలో తమిళనాడు కూలీలు ఇరవైమంది ఇక్కడ ప్రాణాలు కోల్పోయారు. కొండ పాదాన చదువుకుంటున్న మనం ఆ వార్తను ఢిల్లీవారిలాగే పత్రికలలో చదివాం.

ఎడారిలో నడిచేవాడు మొదట నేర్చుకోవలసినది నీటి లెక్క. మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా మోసుకొని, ఉదయం పదిలోగా నడక ముగించి, ఎండ తగ్గిన పిమ్మటనే మళ్ళీ కదలాలి. ఎండిన వంకలో మెత్తని ఇసుక ఉన్నదని డేరా వేయరాదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన అర్ధరాత్రి వచ్చి పడుతుంది. తిరుచానూరు వాసులకు దీనిని వేరే చెప్పనక్కరలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకమేటగా పడి ఉండే స్వర్ణముఖి 2021 నవంబరులో ఎట్లా పొంగిపొర్లిందో మనం కళ్ళారా చూచినవాళ్ళమే. ఈ పాఠాలన్నీ తలకోన నడకలో కూడా అంతే నిక్కచ్చిగా వస్తాయి.

నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన అసలు కారణం ఇంకొకటి. జైసల్మేరు ఇక్కడికి రెండువేల కిలోమీటర్లకు పైబడిన దారి. యాత్రకు పేర్లు రాసుకొనే నాడు రుసుము ఎంతో తెలియగానే కొందరు మెల్లగా వెనుకబెంచీలకు జరుగుతారు. ‘ఇంట్లో పని ఉంది’ అంటారు. ఆ పని ఏమిటో అడగకుండానే అందరికీ తెలుసు. ఇక అబ్బాయిలలో సగమైనా పోతారు గాని, అన్ని రోజుల ప్రయాణానికి ఆడపిల్లలను పంపే ఇళ్ళు మనలో ఎన్ని? తరగతిలో పావువంతు మంది పోయివచ్చిన యాత్రకు కళాశాల పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. తలకోన తిరుపతి నుండి యాభై కిలోమీటర్లకు అటూఇటూ. ఉదయం బయలుదేరితే మధ్యాహ్న భోజనం అక్కడే. కూతురిని చూడాలనిపించిన తండ్రి సాయంత్రానికి వచ్చి చూచి పోవచ్చును.

చిరుతపులి మాటేమిటని పెద్దలు అడుగుతారు. అడగవలసిందే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిబాలికను పొట్టనపెట్టుకున్నది. ఆ తల్లిదండ్రుల దుఃఖం తెలిసి కూడా అడవి అంటే ఆటస్థలమని వాదించేవాడిని నేను కాను. అందుచేతనే అటవీశాఖ అనుమతి లేని దారిలో అడుగు పెట్టరాదనీ, వారు చూపిన బసలోనే రాత్రి గడపాలనీ, వారి మనిషి వెంట లేకుండా నడక వద్దనీ, చీకటి పడ్డాక ఎవరూ గుంపు విడరాదనీ కోరుతున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయోద్యానంలో అనుమతి లేని ప్రవేశమే నేరం. ధ్వనివర్ధకాలు, నిప్పురవ్వలు, ప్లాస్టిక్ సంచులు ఇంటివద్దనే వదలి రావాలి. ఇవి పాటించలేమనుకొనేవారు నగరయాత్రలకు పోవడమే మేలు.

మన సీమలో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుతో వెనుకపడతాయి. జనవరిలో 270 అడుగుల తలకోన జలపాతంలో నీరు ఉంటుంది, ఎండ ఉండదు. కార్యవర్గంవారు అంగీకరిస్తే అటవీశాఖకు పంపవలసిన దరఖాస్తును ఉర్దూ, తెలుగు విభాగాల నుండి ఒక్కొక్క అధ్యాపకుడు, ఒక్కొక్క విద్యార్థిని కలిసి ఈ నెలలోనే సిద్ధం చేయవచ్చును. పేర్ల జాబితా రాసేటప్పుడు మాత్రం రుసుము మాట చివరకు ఉంచి, ముందు పేర్లు రాసుకోవలసినదిగా ప్రార్థన.