నేరం కాదన్నారు, భయం పోలేదు

సెక్షన్ 377 విషయంలో 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇద్దరు వయోజనులు ఇష్టపడి పెట్టుకున్న స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. కానీ తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో, తండాల్లో స్త్రీని ప్రేమించే స్త్రీకి పోలీసుల కన్నా నలుగురి నోళ్లే ఎక్కువ భయం. ఆ భయం మనసును నలిపి ఊరుకోదు, వైద్యాన్నీ అందనివ్వదు. ‘పెళ్లయిందా, పిల్లలెంతమంది’ అన్న ప్రశ్నలతోనే ఆస్పత్రిలో ఆడవాళ్లతో మాట మొదలవుతుంది. కాలేదంటే లైంగిక ఆరోగ్యం ప్రసక్తే రాదు, అయిందంటే భర్త గురించే అడుగుతారు. చీటీ రాసే మనిషి పక్క ఊరి చుట్టం కావచ్చనుకున్నప్పుడు నిజం గొంతు దాటి రాదు.

ఆ మౌనానికి మూల్యం చెల్లించేది శరీరమే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ స్త్రీల మధ్య కూడా సోకుతుంది. మగవాడితో సంబంధం లేదు కనుక పరీక్ష అక్కర్లేదనుకోవడం ప్రమాదకరం. ఇష్టంలేని పెళ్లిలోకి నెట్టిన స్త్రీకి గర్భం ఎప్పుడు, అసలు కావాలా వద్దా అన్న నిర్ణయమే చేజారుతుంది. విషయం బయటపడితే ‘నయం చేయించడానికి’ తీసుకెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. దాన్ని మార్చేందుకు చేసే ‘చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది.

మన దగ్గర అలాంటివాళ్లెవరూ లేరని కొందరంటారు. నోరు విప్పితే ఇల్లు, చదువు, ఉద్యోగం పోయే చోట లెక్కల్లో కనబడకపోవడం వాళ్లు లేరనడానికి రుజువు కాదు. రక్తహీనత, కాన్పు కష్టాలు ఉండగా ఇదెందుకన్న వాదన కొంత బరువైనదే. అయితే ఆస్పత్రిలో అడిగే తీరు మార్చడానికి కొత్త భవనం కట్టనక్కర్లేదు. ఆ మార్పు ఒంటరి స్త్రీలకూ, వితంతువులకూ మేలే. స్వలింగ వివాహాలకు 2023లో సుప్రీంకోర్టు గుర్తింపు ఇవ్వలేదు కదా అనేవారు ఒకటి గమనించాలి: వైద్యం పొందే హక్కు పెళ్లితో ముడిపడినది కాదు. సురక్షిత గర్భస్రావం విషయంలో పెళ్లికాని స్త్రీకీ సమాన హక్కుందని 2022లో అదే కోర్టు చెప్పింది.

మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2023 మార్చి 8న రాష్ట్రంలో స్త్రీల వైద్యం కోసం ఆరోగ్య మహిళ కేంద్రాలు మొదలయ్యాయి. ఇక కావలసింది చాటుగా మాట్లాడుకునే గది, గుట్టు నిలిపే సిబ్బంది, పెళ్లితో నిమిత్తం లేకుండా ‘మీకేం ఇబ్బంది’ అని అడిగే డాక్టర్. దీనిపై ఆశా కార్యకర్త నుంచి పీజీ విద్యార్థి దాకా శిక్షణ ఇవ్వడం ఆరోగ్యశాఖ బాధ్యత.