తేదీతో ఊహాగానాలు వద్దు మహాప్రభో

"టెస్టింగ్‌లో పని చేసింది కదండీ!" కోడ్ రివ్యూలో తేదీల గురించి అడిగితే వినపడే మొదటి మాట ఇదే. నాకు ఒళ్ళు మండేదీ ఇక్కడే.

03/04/2024 అంటే మనకి ఏప్రిల్ 3. పీహెచ్‌పీలో స్ట్ర్‌టుటైమ్‌కి మాత్రం వాలుగీత కనపడితే అమెరికా పద్ధతి, అంటే మార్చి 4. అదే అడ్డగీతతో 03-04-2024 ఇస్తే బుద్ధిగా ఏప్రిల్ 3 అంటుంది. ఇదేం రహస్యం కాదు, మాన్యువల్‌లోనే ఉంది. చదివేదెవరు?

25/04/2024 ఇస్తే 25వ నెల లేదు కాబట్టి ఫాల్స్ వస్తుంది. అది చూసుకోకుండా డేట్ ఫంక్షన్‌కి ఇస్తే 1970 జనవరి 1 చూపిస్తుంది. ఇది నయం, ఎవడో ఒకడు చూసి అరుస్తాడు. అసలు ప్రమాదం 12వ తేదీ లోపువాటితో. లెక్కేయండి: 12 నెలలు, నెలకి 12 రోజులు, మొత్తం 144 తేదీలు ఏ ఎర్రరూ లేకుండా లోపలికి పోతాయి. రోజూ నెలా ఒకటే అయిన 12 తీసేస్తే 132 తేదీలు తిరగబడి, నోరు మూసుకుని డేటాబేస్‌లో కూర్చుంటాయి. టెస్టరు 10/10 కొట్టి పాస్ చేసుంటే ఎవడికీ తెలీదు. అది పరీక్ష దరఖాస్తులో పుట్టిన తేదీ అయితే, వయోపరిమితి దాటిందని ఒక కుర్రాడి ఫారం పోతుంది. ఎందుకు పోయిందో వాడికి చెప్పే నాథుడుండడు.

"వార్‌చార్‌లో పెట్టేస్తే గొడవుండదు" అనే మేధావులు ఇంకో రకం. పెట్టండి. ఆర్డర్ బై వేస్తే 01-12-2023 ముందు, 02-01-2020 తర్వాత వస్తాయి. క్లయింటుకి మీరే చెప్పుకోండి.

పుట్టిన తేదీకి టైమ్‌స్టాంప్ కాలమ్ వాడేవాళ్ళకైతే ఓ దణ్ణం. మైఎస్‌క్యూఎల్‌లో అది 1970తో మొదలై 2038 జనవరి 19న ఆగిపోతుంది. అంతకు ముందు మీ నాన్నగారు పుట్టలేదా? పైగా యూటీసీలో దాచి, కనెక్షన్ టైమ్‌జోన్‌ని బట్టి మార్చి చూపిస్తుంది. హైదరాబాదులో 25వ తేదీ సున్నా గంటలకి ఎక్కించింది అమెరికా జోన్‌లో చదివితే 24. పుట్టినరోజుకి టైమ్‌జోన్ ఏమిటండీ? డేట్ కాలమ్ ఉన్నది అందుకే.

డేట్‌టైమ్ క్లాసులో క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ 2009లో పీహెచ్‌పీ 5.3తోనే వచ్చింది. ఫార్మాట్ మీరే చెప్పండి, దాన్ని ఊహించమనొద్దు. దాన్నీ పూర్తిగా నమ్మకండి సుమా: 31/02/2024 ఇస్తే కిక్కురుమనకుండా మార్చి 2 చేసేస్తుంది. వచ్చిన తేదీని మళ్ళీ అదే ఫార్మాట్‌లో రాయించి, యూజరు కొట్టినదానితో పోల్చాలి. తేడా ఉంటే వెనక్కి పంపాలి. సున్నా లేకుండా 3/4 అని కొట్టినవాడూ వెనక్కొస్తాడు, రానివ్వండి.

తేదీ తెలియకపోతే నల్ పెట్టండి, 0000-00-00 కాదు. 2015లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.7 డిఫాల్ట్ మోడ్‌లో దాన్ని తీసుకోనంది. అప్‌గ్రేడ్ రోజున ఆ స్ట్రిక్ట్ మోడ్ పీకేసి "ఫిక్స్ అయింది" అని మెయిల్ కొట్టే లీడ్‌లున్నారు. పాత రికార్డుల్లో 12 లోపు తేదీలు ఏవి నిజమో, ఏవి తిరగబడ్డవో ఎలా తేలుస్తారో కూడా అదే మెయిల్లో రాస్తే చదివి తరిస్తాం.