తెలుగులో రాసిన చెక్కు వెనక్కి వచ్చింది



సంపాదకులు గారూ, గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో ‘ఒక్క భాష ఉంటే గొడవే లేదు’ అని అరపేజీ వ్యాసం వేశారు. బెంగళూరులో ఆటోవాళ్లకూ బయటి నుంచి వచ్చినవాళ్లకూ కన్నడం మీద జరిగే తగాదాలు ఏకరువు పెట్టి, దేశమంతా హిందీ నేర్చుకుంటే ప్రాంతాల పోట్లాటలన్నీ తీరిపోతాయని వ్యాసకర్త తేల్చేశారు. సోమవారం పొద్దున ఆ పేజీని మా కటింగ్ టేబుల్ మీద టీ గ్లాసుల కింద పరిచాం. అయినా కోపం తీరక ఈ ఉత్తరం.

నాది రాయదుర్గంలో చిన్న జీన్స్ కుట్టుబడి కార్ఖానా. పదకొండు మిషన్లు. గుడ్డ బళ్లారి నుంచి వస్తుంది, కుట్టిన ప్యాంట్లు బళ్లారికే పోతాయి. కాజాలు కుట్టే ఆమెకు ఇంట్లో కన్నడం, పనిలో తెలుగు. ఓవర్‌లాక్ మీద కూర్చునే అబ్బాయిది ఉర్దూ. బళ్లారి షావుకారు ఫోను చేస్తే ఒక మాట కన్నడం, ఒక మాట తెలుగు. ఇన్నేళ్లలో ఆయనతో పీసు రేటు దగ్గర తగాదా పడ్డాను, లాటు ఆలస్యమైనందుకు తిట్లు తిన్నాను. భాష దగ్గర ఒక్కనాడూ మాట పట్టింపు రాలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు పాత బళ్లారి జిల్లాను చీల్చి రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలను ఇటు ఇచ్చారు, బళ్లారి మైసూరుకు పోయింది. మా తాత ఇల్లు కదలకుండానే మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రలోకి వచ్చాడు. బళ్లారిలో కాపురమున్న ఆయన చెల్లెలు మైసూరు మనిషైపోయింది. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరూ ఎప్పటిలాగే రెండు భాషలూ కలిపి మాట్లాడుకునేవాళ్లట.

ఇక నా గోడు. మా ఊళ్లో ఒక బ్యాంకులో నాకు పదిహేనేళ్లుగా ఖాతా ఉంది. పేరెందుకులెండి. మొన్న ఒక శుక్రవారం వారం కూలీలకని సెల్ఫ్ చెక్కు రాశాను. అంకెల్లో 38,400. అక్షరాల్లో ‘ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు మాత్రమే’. ఎప్పుడూ మా అబ్బాయి ఇంగ్లీషులో రాసిచ్చేవాడు. వాడు పరీక్షకు అనంతపురం పోయాడు. నాకు తప్పుల్లేకుండా రాయడం వచ్చింది తెలుగే కాబట్టి తెలుగులో రాశాను, ఉద్యమం కోసం కాదు. కౌంటర్లో కొత్తగా వచ్చిన కుర్రాడు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ రాసుకురమ్మని హిందీలో చెప్పాడు. మేనేజరు గారు మీటింగులో ఉన్నారు. క్యూలో ఉన్న కాలేజీ పిల్లవాణ్ణి బతిమాలి ఇంకో చెక్కు రాయించాను. వాడు కంగారులో ఒక మాట కొట్టేసి పైన రాశాడు. కొట్టివేత ఉందని అదీ వెనక్కి వచ్చింది. మూడో చెక్కు తేవడానికి ఇంటికి పోయి వచ్చేసరికి కౌంటరు మూసేశారు. మర్నాడు రెండో శనివారం. ఏటీఎం లేదా అంటారేమో, ఉంది. ఆ మిషను చక్కని తెలుగులో చెప్పింది, నగదు లేదని.

శనివారం సాయంత్రం కాజాల ఆమె సంతకు పోవాలని సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అడగలేదు, నిలబడింది, అంతే. పక్కింట్లో ఐదు వేలు చేబదులు తెచ్చి తలా ఇంత పంచాను. ఇరవై ఏళ్లలో కూలీ ఆపింది ఆ వారమే.

తర్వాత కనుక్కుంటే తెలిసింది. చెక్కును హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ, ఆ ప్రాంతపు భాషలో గానీ రాయవచ్చని రిజర్వు బ్యాంకే చెప్పింది. ఖాతాదారులకిచ్చే ఫారాలు మూడు భాషల్లోనూ ఉండాలనీ చెప్పింది. మా బ్రాంచిలో డబ్బు తీసే ఫారం రెండు భాషల్లోనే ఉంది. మూడోది ఎక్కడ పోయిందో మీ వ్యాసకర్తకు తెలిస్తే చెప్పమనండి.

ఆ కుర్రాడి మీద నాకు కక్ష లేదు. మా వీధిలోనే మేడ మీద అద్దెకుంటాడు. రాత్రి వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడేది హిందీలా వినపడకపోతే ఒకరోజు అడిగాను. భోజ్‌పురి అన్నాడు. దేశంలో నూటికి 43 మందికి హిందీ మాతృభాష అని మీ వ్యాసకర్త 2011 జనాభా లెక్కలు చూపించారు కదా, అందులో భోజ్‌పురి మాట్లాడే ఐదు కోట్ల మందీ ఉన్నారు. పాపం ఆ తల్లిని ఎవరూ అడక్కుండానే హిందీ లెక్కలో రాసేసుకున్నారు.

ఇంకా వినండి. అదే కుర్రాణ్ణి కూరగాయల మార్కెట్లో చూశాను. ‘బెండకాయ ఎంతమ్మా? ముదురు ఉంది, తగ్గించు’ అంటున్నాడు. వచ్చి మూడు నెలలు! అక్కడ అక్కర అతనిది కాబట్టి నేర్చుకున్నాడు. కౌంటరు వెనక అక్కర నాది కాబట్టి నేర్చుకోవాల్సింది నేనట. మీరు దేశ సమైక్యత అంటున్నది ఈ పద్ధతినే. బెంగళూరు ఆటోవాడికి నాలుగు భాషలు వచ్చు, ఎక్కినవాడి భాషలో బేరమాడతాడు, ఆ సంగతి వ్యాసంలో రాలేదు. భాష రాలేదని మనిషి మీద చెయ్యి చేసుకున్నవాణ్ణి నేను వెనకేసుకు రాను. కానీ పదేళ్లు ఆ ఊరి నీళ్లు తాగి కన్నడంలో ‘ఎష్టు’ (ఎంత) అని కూడా అననివాణ్ణి చూస్తే ఎవరికైనా మండుతుంది.

ఒక్క భాష ఉంటే గొడవ ఉండదా? తెలుగువాళ్లమే ఉన్నాం కదయ్యా ఎదురుగా! ఒకే భాష అని 1956లో కలిశాం, 2014లో విడిపోయాం. ఉద్యోగాలు, నీళ్లు, నిధుల దగ్గర ‘మనమంతా తెలుగువాళ్లం’ అన్న మాట ఎందుకూ కొరగాలేదు. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించారు. దుబాసీల అవసరం లేకపోయింది.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతీ చెప్పేస్తాను. అదే అనుబంధంలో మీరు వేసిన కథలో డాక్టరు, కలెక్టరు పుస్తకాల తెలుగు మాట్లాడతారు, వేటకొడవలి పట్టుకున్నవాడు మాత్రం మా సీమ యాస మాట్లాడతాడు. సినిమాలవాళ్లకు ఎటూ బుద్ధి లేదు, మీకేమైంది? మా యాసలో డాక్టర్లు మందులు రాస్తున్నారు, పంతుళ్లు లెక్కలు చెబుతున్నారు. ఒక్క తెలుగులోనే ఇన్ని మెట్లు కట్టి, ఎవరిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో నిర్ణయించేవాళ్లు దేశానికి ఒకే భాష ఇస్తామంటే మాలాంటి వాళ్లకు ఏ మెట్టు దక్కుతుందో ఊహించుకోగలం.

ఈ ఉత్తరంతో పాటు ఆ తెలుగు చెక్కు నకలు పంపుతున్నాను. ఖాతా నంబరు మీద మాత్రం సిరా పూశాను. వచ్చే శుక్రవారం మళ్లీ తెలుగులోనే రాస్తాను. మీ వ్యాసకర్తను పదకొండు గంటలకల్లా వచ్చి క్యూలో నా వెనక నిలబడమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయదుర్గం