రజ్వీ కోరిన సముద్రం

బంగాళాఖాతం కెరటాలు నిజాం ప్రభువు పాదాలు కడిగే రోజు వస్తుందని ఖాసిం రజ్వీ సభల్లో గర్జించేవాడు. ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తానని కూడా అనేవాడు. ఎర్రకోట సంగతి ఢిల్లీవాళ్లు చూసుకుంటారు గాని, ఆ సముద్రం మాత్రం మాది. ఈ సీతంపేట కొండలు దిగి, పాలకొండ, శ్రీకాకుళం మీదుగా బస్సులు మారుతూ పోతే ఒక్క పూటలో కళింగపట్నం ఒడ్డున కాళ్లు తడుపుకోవచ్చు. ఎక్కడో హైదరాబాదులో కూర్చుని ఒకాయన మన సముద్రం మీద కన్నువేశాడంటే, ఇక్కడి సంతకు చీపుళ్లూ పసుపూ దింపే సవర వాళ్లు నవ్వి ఊరుకుంటారు.

అయితే ఆ ప్రగల్భం వెనక పాత పద్దు ఒకటి లేకపోలేదు. శ్రీకాకుళం ఒకప్పుడు నైజాం సర్కారే. 1753లో సలాబత్ జంగు దీన్నీ, మరి మూడు సర్కారులనూ ఫ్రెంచి బుస్సీ చేతిలో పెట్టాడు. 1766లో నిజాం అలీ, ఏటా ఇంత రొక్కమని మాట్లాడుకుని ఇంగ్లీషు కంపెనీకి ధారపోశాడు. పోనీ రజ్వీ ఆ వంశంవాడా అంటే కాదు. లాతూరులో ప్లీడరు. ఎవరిదో ఆస్తికి ఎవరూ అడక్కుండానే వకాల్తా పుచ్చుకున్నాడన్నమాట.

ఇక్కడి మాస్టారొకరు మొన్న నన్ను నిలేశారు. “ఏ పదవీ లేనివాణ్ణి పట్టుకుని నియంత అంటారేమిటండీ?” అని.

నిజమే. రజ్వీ మంత్రి కాడు, సేనాపతి కాడు. 1946లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యాడు, రజాకార్లకు నాయకుడు, అంతే. కాని 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున ఏం జరిగిందో చూడండి. భారత ప్రభుత్వంతో యథాతథపు ఒడంబడిక కుదుర్చుకోవడానికి ప్రధాని ఛత్తారీ నవాబూ, న్యాయసలహాదారు మాంక్టనూ ఢిల్లీకి బయలుదేరాలి. రజ్వీ జనం వాళ్ల ఇళ్లు చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. నిజాం ఆ దూతలను మార్చి వేరే వాళ్లను పంపాడు. ఛత్తారీ పోయి మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. సింహాసనం మీద కూర్చున్నవాడు జడిసి పక్కకు తప్పుకుంటే ఇక పదవితో పనేముంది?

ఆ జడుపుకు మూల్యం చెల్లించింది వేరేవాళ్లు. హైదరాబాదు భారతదేశంలో చేరాలని ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసినందుకు సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీథిలో చంపి, రాసిన చేతిని నరికారు. ఆ నెల 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లూ నైజాం సైనికులూ కలిసి పడ్డారు. ఊరివాళ్లు బురుజెక్కి ఉన్న తుపాకులతో కాచుకున్నారు. మందుగుండు అయిపోయాక ఏం జరిగిందో ఆ ఊరు నేటికీ మరిచిపోలేదు.

సెప్టెంబరు 13న షోలాపురం వైపునుంచి మేజరు జనరల్ చౌదురీ, బెజవాడ వైపునుంచి మేజరు జనరల్ రుద్రా సేనలను నడిపించారు. దీనికి పోలీసు చర్య అని పేరు పెట్టారు గాని, టాంకులూ విమానాలూ పోయే చర్యను మా ఊళ్లో యుద్ధమే అంటారు. అయిదు రోజుల ముచ్చట. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. సాయంకాలం నిజాం రేడియోలో కాల్పుల విరమణ చెప్పాడు. మరునాడు నైజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌదురీకి లొంగిపోయాడు. ఆ వెనువెంటనే రజ్వీని పట్టుకున్నారు. ఎర్రకోట దాకా పోతానన్నవాడు హైదరాబాదు కూడా దాటలేదు.

నాకు విడ్డూరమనిపించేది ఆ నెల 23న నిజాం రేడియోలో చేసిన ప్రసంగం. రజ్వీ ముఠా హిట్లరు పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుందనీ, తాను నిస్సహాయుణ్ణయిపోయాననీ చెప్పుకొచ్చాడు! ఇటలీ రాజు విక్టర్ ఇమాన్యుయేల్ కూడా ఇలాటివాడే. 1922లో ముస్సోలినీని తానే పిలిచి గద్దె మీద కూర్చోబెట్టాడు. యుద్ధం చేజారేసరికి 1943 జులై 25న తానే తీసేసి నిర్బంధంలో పెట్టించాడు. జర్మనులు ముస్సోలినీని విడిపించుకుపోయారు గాని, 1945 ఏప్రిలులో జర్మను సైనికుడి కోటు తొడుక్కుని పారిపోతూ దొరికి, మరునాడే తుపాకులకు బలయ్యాడు. ఆ రాజుకు మరుసటి ఏడే కిరీటం పోయింది. మన నిజాం అదృష్టవంతుడు, 1956 దాకా రాజప్రముఖుడు.

రజ్వీ అదృష్టమూ తక్కువది కాదు. అంత బీభత్సానికి చివరికి అతన్ని జైల్లో ఉంచినది బీబీనగరు దోపిడీ కేసు. 1957లో ఎరవాడ జైలునుంచి బయటికొచ్చి పాకిస్తాను వెళ్లి, 1970లో కరాచీలో పోయాడు. లాయక్ అలీ అంతకుముందే, 1950 మార్చిలో, ఇంటి కాపలా కళ్లుగప్పి అక్కడికే చేరుకున్నాడు.

ఇక లాతూరు మాట. సైన్యం వచ్చాక ప్రతీకారం పేరిట ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లిములను ఊచకోత కోశారు. ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది పోయారని లెక్క కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. కొన్నిచోట్ల హిందూ ఇరుగుపొరుగులు ప్రాణాలకు తెగించి ముస్లిం కుటుంబాలను కాపాడారని కూడా అందులోనే ఉంది. రజ్వీ స్వంత ఊరు లాతూరులో మాత్రం ఆ హత్యాకాండ ఇరవై రోజులకు పైగా సాగింది. పదివేల మంది ముస్లిములలో సంఘం వెళ్లేసరికి ఊళ్లో మిగిలింది మూడువేలు. పోయిన వాళ్లలో ఎందరు రజ్వీ సభకు వెళ్లారో, ఎందరు అతని పేరు చెబితే విసుక్కునేవారో ఎవరూ విచారించలేదు.

ఆ రోజుల్లో లాతూరు ప్లీడరుగారు మాత్రం సైన్యం కాపలాలో క్షేమంగానే ఉన్నాడు.