పరిశోధనకు వెఱపేల?

ఒక మందు పేరు విని వెఱచుటయు, పేరు విని మ్రొక్కుటయు రెండును అవిచారములే. గంజాయి విషయమున మనవారిలో ననేకులు ఈ రెంటిలో నేదో యొకదాని నాశ్రయించి యున్నారు. అది సర్వరోగనివారిణి యని యొక పక్షము. దాని పేరెత్తుటయే పాపమని యింకొక పక్షము. నొప్పితో మంచము పట్టినవాని గోడు ఈ రెండు పక్షములకును పట్టినట్లు లేదు.

తీవ్రమైన నొప్పికి వైద్యులిచ్చు మందులలో నల్లమందునుండి తీసిన మార్ఫీనును, దాని జాతి మందులును ముఖ్యములు. క్యాన్సరు రోగులకవి యావశ్యకములు. కాని యేండ్ల తరబడి వాడినచో మలబద్ధకము కలుగును. శరీరము అలవాటు పడును. మోతాదు పెంపవలసి వచ్చును. మితిమీరినచో ఊపిరియే యాగును. గంజాయినుండి చేసిన మందును తోడుగా నిచ్చినచో ఈ మోతాదును తగ్గింపవచ్చునా యనునదే ప్రశ్న.

ఇంతవఱకు దొరకిన యుత్తరములు ఒకదానితో నొకటి పొసగకున్నవి. 2011లో అమెరికాలో నల్లమందు జాతి మందులు వాడుచున్న 21 మంది రోగులకు గంజాయి యావిరి నిచ్చి చూడగా, నొప్పి సగటున నూటికి 27 పాళ్లు తగ్గెను. కాని పోల్చి చూచుటకు గుణములేని మందు పుచ్చుకొన్న వర్గ మందులో లేదు. ఆస్ట్రేలియాలో 1,500 మందికి మించిన రోగులను నాలుగేండ్లు కనిపెట్టి చూచినవారు, గంజాయివలన నొప్పి గాని నల్లమందు వాడుక గాని తగ్గినట్లు కానరాలేదని 2018లో ప్రకటించిరి. కావున పొగడువారికిని తెగడువారికిని తీర్పు చెప్పు నధికారము లేదు. తీర్పు చెప్పవలసినది పరీక్ష.

ఇది మనకు క్రొత్త పనియు కాదు. కలకత్తా వైద్యకళాశాలలో ఓషానెస్సీ యను వైద్యుడు గంజాయిని మొదట జంతువులకును, పిదప వాతనొప్పులు మొదలగు వానితో బాధపడు రోగులకును ఇచ్చి, చూచినదానిని 1839లోనే వ్రాసి ప్రకటించెను.

“యువకులు చెడిపోవుచుండగా ఇదేమి మాట?” యని కొందఱడుగుదురు. 2022 ఫిబ్రవరిలో విశాఖ ప్రాంతమున పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. అందులకు మేము చింతింపము. దొంగసరకును కాల్చుట వేఱు, ప్రయోగశాల తలుపు మూయుట వేఱు. 1985 నాటి చట్టమే వైద్యశాస్త్ర ప్రయోజనములకు మినహాయింపు నిచ్చుచున్నది. ఆ చట్టమే ఆకులతో చేసిన భంగును గంజాయి నిర్వచనమునుండి తప్పించినది; కొన్ని రాష్ట్రములలో భంగు నమ్ముటకు సర్కారు అనుమతి పొందిన దుకాణములు గలవు. వేడుకకు త్రాగువానికి దుకాణము, నొప్పితో మూలుగువానికి అనుమానమా!

వెఱపువలన కలిగిన కీడును మార్ఫీను విషయమున నొకసారి చూచితిమి. మన పొలములలో పండిన నల్లమందు పరదేశములకు పోవుచుండగా, మన రోగులకు అనుమతి పత్రముల చిక్కులచే మార్ఫీను దొరకకుండెను. చట్టమును సవరించుటకు 2014 వఱకు పట్టెను. ఆ నడుమ బాధతో కన్ను మూసినవారికి ఎవరు జవాబుదారులు?

జమ్మూలోని కేంద్ర పరిశోధనాలయము ఈ మొక్కపై పనికి పూనుకొన్నది, అది చాలదు. మన వైద్యకళాశాలలును కొలత తెలిసిన మందుతో, తగినంత మంది రోగులపై, వారి సమ్మతితో పరీక్షలు జరిపి, ఫలము అనుకూలమైనను ప్రతికూలమైనను ప్రకటింపవలెను. అందాక ఏ గృహస్థుడును వినికిడి మాటలు నమ్మి యింటి వృద్ధులకు గంజాయి నీయరాదు. వైద్యుడిచ్చు మందును తనంతట మాన్పరాదు. మేము గంజాయికి వకాల్తా పుచ్చుకొనలేదు. రోగి పక్షమున నిజమును అడుగుచున్నాము.