గిటార్ కొంటే వయసు కాదు, మెడ చూడాలి

నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబైన్ 1993లో ఎంటీవీ కచేరీలో వాయించిన 1959 నాటి మార్టిన్ గిటార్ 2020 జూన్‌లో వేలానికి వచ్చి 60 లక్షల డాలర్లు దాటి పలికింది. ఆ డబ్బు కొబైన్ పేరుకి వచ్చింది కానీ ఆ కర్రకి కాదు. డి-18ఈ అనే ఆ మోడల్ తన కాలంలో ఎవరినీ పెద్దగా ఆకట్టుకోలేదు. కంపెనీ కూడా దాని తయారీని త్వరగానే ఆపేసింది. అయినా ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా పాత గిటార్ అంటే గొప్ప గిటార్ అనే నమ్మకం ఇంకాస్త బలపడుతుంది. ఆ నమ్మకంతో సెకండ్ హ్యాండ్ సరుకు వెతికేవాళ్లు మనలోనూ ఉన్నారు, అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురమ్మని బంధువులకు చెప్పేవాళ్లూ ఉన్నారు. నా వాదన ఇది: అకౌస్టిక్ గిటార్ విలువ దాని పుట్టిన తేదీలో లేదు, ఇవాళ అది ఏ స్థితిలో ఉందన్న దానిలో ఉంది. కొనేటప్పుడు డబ్బు, కొన్నాక శ్రద్ధ అటే పోవాలి.

పాతవాటికి ఆ పేరు ఊరికే రాలేదు. 1930లలో మార్టిన్ కంపెనీ చేసిన డి-28లను వాయిద్యకారులు నేటికీ ప్రమాణంగా తీసుకుంటారు. అయితే అందుకు కారణం వయసొక్కటే అయితే 1970లలో తయారైనవి కూడా ఈపాటికి అంతటి మోజు సంపాదించుకోవాలి, వాటికీ యాభై ఏళ్లు వచ్చాయి కదా. అలా జరగలేదు. అసలు సంగతి పైపలక కింద ఉంది. తీగల లాగుడుకు పలక కుంగిపోకుండా లోపల అడ్డంగా అతికించే చెక్క బద్దలను ఆ రోజుల్లో అక్కడక్కడ పల్లంగా చెక్కి తేలిక చేసేవారు, దాంతో పలక స్వేచ్ఛగా కంపించేది. 1944లో ఆ చెక్కడం మానేసి బద్దలను గట్టిగా ఉంచడం మొదలైంది. ఆపై 1960ల చివర్లో తీగలను పలకకు బిగించే బ్రిడ్జ్ కింద అతికించే చిన్న మేపుల్ ముక్క స్థానంలో పెద్ద రోజ్‌వుడ్ ముక్క వచ్చింది. శబ్దం కాస్త మొద్దుబారింది. 1976లో హెచ్‌డి-28 పేరుతో చెక్కిన బద్దలను మళ్లీ తెచ్చినప్పుడు అది కొత్త గిటారే, అయినా జనం ఎగబడి కొన్నారు. అంటే మనం వయసుకి కడుతున్న ధరలో పెద్ద భాగం నిజానికి ఒక పనితనానిది, ఆ పనితనం ఇవాళ కొత్త గిటార్లలోనూ దొరుకుతుంది.

కర్ర సంగతేమిటని అడగవచ్చు. బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆపేశాక, 1969 నుంచి మార్టిన్ తన మామూలు మోడళ్లకు భారతీయ రోజ్‌వుడ్ వాడడం మొదలుపెట్టింది. మన అడవుల్లో జిట్రేగి అని పిలిచేది ఈ చెట్టునే. అప్పటి నుంచి బ్రెజిల్ కర్ర ఉన్న పాత గిటార్లకు ధరలు ఆకాశాన్నంటాయి, మన జిట్రేగిని రెండో రకంగా చూసే అలవాటూ స్థిరపడింది. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. ఒకే తయారీదారు చేత ఆరు గిటార్లు చేయించారు. వాటిలో వెనుక, పక్కల వాడిన కర్ర ఒక్కటే మారింది, మిగతాదంతా సమానం. కళ్లకు ఏమీ ఆనకుండా చేసి 52 మంది గిటారిస్టుల చేత వాయించి చూస్తే ఖరీదైన బ్రెజిల్ కర్రకూ మిగతావాటికీ చెప్పుకోదగ్గ తేడా ఎవరూ పట్టలేకపోయారు. పైపలకగా వాడే స్ప్రూస్ గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు, అది శబ్దాన్ని తప్పక మారుస్తుంది. కానీ పాత గిటార్ల ధరను పైకెత్తేది ఎక్కువగా వెనక కర్ర పేరే.

పలకలోని జిగురు పదార్థాలు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడతాయి కాబట్టి పాత కర్ర బాగా పలుకుతుందనే మాటలో కొంత నిజం ఉండవచ్చు. తయారీదారులు ఇప్పుడు స్ప్రూస్‌ను గాలి తగలకుండా వేడిచేసి అదే గుణం తేవడానికి ప్రయత్నిస్తున్నది అందుకే. అయితే ఇక్కడ మరో లెక్క ఉంది. నాసిరకం గిటార్లు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి, మంచివి మిగిలాయి. మిగిలినవి చూసి ఆ కాలమంతా గొప్పదనుకోవడం పొరపాటు.

పైగా వయసు మేలే కాదు, హానీ చేస్తుంది. మామూలు తీగలు ఆరింటినీ శ్రుతి చేస్తే గిటార్ మీద దాదాపు 70 కిలోల లాగుడు పడుతుంది. మూడు మిల్లీమీటర్లు కూడా మందం లేని పలక రాత్రీ పగలూ ఆ బరువును మోస్తూనే ఉంటుంది. దశాబ్దాలు గడిచేసరికి బ్రిడ్జ్ వెనక పలక ఉబ్బుతుంది, మెడ కోణం ముందుకు వాలుతుంది, తీగలు మెడ మీది మెట్లయిన ఫ్రెట్ల నుంచి పైకి లేచి వేళ్లు కోసుకుపోతాయి. అప్పుడు మెడను విప్పి, మడమ దగ్గర చెక్క కొద్దిగా తీసి, మళ్లీ బిగించాలి. నెక్ రీసెట్ అనే ఈ పని ఖరీదైనది. చాలా దుకాణాల్లో చేసే పొరపాటేమిటంటే, తీగలు ఎత్తుగా ఉన్నాయనగానే తాళంచెవి పెట్టి మెడ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, తిప్పేయడం. ఆ కడ్డీ మెడలోని వంపును సరిచేస్తుంది కానీ మెడ కోణాన్ని మార్చలేదు. పైగా 1985కు ముందు మార్టిన్ గిటార్లలో తిప్పడానికి వీలయ్యే కడ్డీయే ఉండేది కాదు.

అందుకే కొనేవాళ్లు లేబుల్ మీది సంవత్సరం చదివేముందు ఒక తిన్నని పొడుగాటి స్కేలును ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జ్ వైపు జరపాలి. స్కేలు కొస బ్రిడ్జ్ పై అంచును తాకితే మెడ బాగుంది. అంచుకు కిందుగా బ్రిడ్జ్ ముందు భాగానికి కొట్టుకుంటే రీసెట్ ఖర్చు తలుపు తడుతున్నట్టే. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే శాడిల్ ఎముకను అరగదీసి అరగదీసి బ్రిడ్జ్‌కు సమానంగా తెచ్చి ఉంటే అమ్మేవాడు ఆ రోగాన్ని దాచాడని అర్థం. బ్రిడ్జ్ వెనక అంచు కింద పలుచని కాగితం దూరితే జిగురు వదులుతోంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లు దాటితే నేర్చుకునే పిల్లాడు నెల తిరక్కుండా గిటార్ అటక మీద పెడతాడు, ఇంట్లోవాళ్లు వాడికి ఓపిక లేదంటారు.

మన వాతావరణం గిటార్‌కు అనుకూలమైనది కాదు. తయారీదారులు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు. విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం అంతకు మించే ఉంటుంది, హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాలు అందులో సగానికి పడిపోతాయి. తేమ పెరిగితే పలక ఉబ్బి తీగలు లేస్తాయి, ఎండితే పలక పగులుతుంది, ఫ్రెట్ల కొసలు మెడ అంచున చేతికి గుచ్చుకుంటాయి. వందల రూపాయల్లో దొరికే తేమ మీటరు ఒకటి, మూత గట్టిగా పడే కేసు, వానాకాలంలో సిలికా జెల్ సంచులు, ఎండాకాలంలో చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి ఉంటే చాలు. వేల డాలర్ల గిటార్‌ను గోడకు వేలాడదీసి ఏసీ గాలి సూటిగా తగిలేలా ఉంచడం కన్నా ఇది తెలివైన పని.

ఆరు వేల గిటార్‌కు ఇంత హంగామా ఎందుకని కొందరంటారు. నిజమే, ప్లైవుడ్ పలకతో చేసిన చౌక గిటార్ తేమకు అంతగా చలించదు, కొత్తగా నేర్చుకునేవారికి అదే మేలు కూడా. కానీ దానికీ కొన్న రోజే శాడిల్, మెడ కొసన తీగలు ఆనే నట్ సరిచేయించాలి, ఆ ఖర్చు ధరలో భాగమే అనుకోవాలి. ఇక పాతవి పెట్టుబడి అనేవారికి ఒక మాట. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందపు అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. పూర్తిగా తయారైన వాయిద్యాలకు 2019లో ఇచ్చిన మినహాయింపు మన జిట్రేగి లాంటి కర్రలకే వర్తిస్తుంది కానీ దానికి కాదు. అనుమతి కాగితాలు లేకుండా డాలస్ నుంచి శంషాబాద్‌కు దాన్ని తెచ్చినవారు కస్టమ్స్ దగ్గర పెట్టుబడినంతా వదులుకోవలసి రావచ్చు.

వీణ ఉన్న ఇంట్లో ఈ ఆలోచన కొత్త కాదు. మైనం కరిగి మెట్లు కదిలితే మళ్లీ మేళం కట్టించాలని అందరికీ తెలుసు, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేసేవారికి అదీ వృత్తిలో భాగమే. గిటార్‌ల విషయంలో అమ్మకం ఒక చోట, మరమ్మతు ఇంకెక్కడో. మెడ విప్పి బిగించగల చేతులు తెలుగు నగరాల్లో చాలా తక్కువ. సంగీత కళాశాలలు వాయించడంతో పాటు వాయిద్యం బాగుచేయడం కూడా ఒక కోర్సుగా పెట్టి, ఆ గొల్లపల్లి పనివాళ్లనే గురువులుగా పిలిస్తే చెక్క, జిగురు, లాగుడు తెలిసిన మనుషులు తయారవుతారు. అప్పటిదాకా కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది: శాడిల్, నట్ సరిచేసి సెటప్ చేసివ్వని దుకాణంలో గిటార్ కొనకపోవడం.