ప్రకటనకు కేబుల్ వేగం.. మరమ్మతుకు ఓడ వేగం

శ్రీ విజయపురం: చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతవరకు ఉపగ్రహ బ్యాండ్‌విడ్త్‌తోనే సర్దుకుంటూ వచ్చిన దీవుల ప్రజలకు దానితో ఆన్‌లైన్ విపణి పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్‌లో కనిపించే ప్రకటన అదే క్షణంలో ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లోనూ కనిపిస్తోంది. అయితే ఆ ప్రకటన చూసి కొన్న వస్తువు చెడిపోతే, దాని ప్రయాణం కేబుల్ వేగంతో సాగదు. మునుపటిలాగే అది రోడ్డు, రేవు, ఓడ దాటి వెళ్లవలసిందే.

టెక్నాలజీ కంపెనీల నైతికతపై చర్చ సాధారణంగా వ్యక్తిగత సమాచార గోప్యత, గుత్తాధిపత్యం, కృత్రిమ మేధ వంటి అంశాల చుట్టూ తిరుగుతుంది. దీవుల్లోని వినియోగదారుని ప్రశ్న అంతకంటే సూటిగా ఉంటుంది. కంపెనీ అమ్మేటప్పుడు ఇచ్చిన మాట ఎంత దూరం వరకు చెల్లుతుందన్నదే ఆ ప్రశ్న.

దూరానికి చెల్లించే మూల్యం

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంత జనాభా దాదాపు 3.80 లక్షలు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇందులో ఎక్కువ. స్వస్థలంలోని బంధువులతో వీరిని రోజూ కలిపేది చేతిలోని ఫోనే. అది మూలన పడితే తెగిపోయేది వినోదం మాత్రమే కాదు. డబ్బు పంపడం, ఓడ టికెట్ల సమాచారం తెలుసుకోవడం, వాతావరణ హెచ్చరికలు అందుకోవడం కూడా ఆగిపోతాయి.

డిగ్లీపూర్ నుంచి రాజధాని శ్రీ విజయపురానికి (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) రోడ్డు మార్గం 300 కిలోమీటర్లకు పైనే. ఆ దారి జారవా తెగ అభయారణ్యం గుండా సాగుతుంది కనుక అక్కడ వాహనాలను నిర్ణీత వేళల్లో బారులుగా మాత్రమే అనుమతిస్తారు. మధ్యలో సముద్రపు పాయ వద్ద వాహనాలను ఫెర్రీ మీద దాటించాలి. నికోబార్ దీవుల వారికి ఓడే ప్రధాన ఆధారం. నగరవాసికి మధ్యాహ్న విరామంలో తెమిలిపోయే మరమ్మతు పని వీరికి రోజుల తరబడి కూలి పోగొట్టుకునే ప్రయాణమవుతుంది.

దీనికి సాంకేతికమైన చిక్కు మరొకటి తోడైంది. అగ్నిప్రమాదాల భయంతో, విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా తీసుకువెళ్లడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. పరికరంలో అమర్చి ఉన్న బ్యాటరీకి ఈ నిషేధం వర్తించదు. అంటే కొత్త ఫోను విమానంలో రావచ్చు గానీ, పాత ఫోనుకు కావలసిన కొత్త బ్యాటరీ ప్రయాణికుల విమానమెక్కి రాలేదు. ఈ నిబంధన భద్రత కోసం పెట్టినది, సమంజసమైనది. కానీ కొత్తది కొనడం తేలిక, పాతది బాగుచేయించుకోవడం కష్టం అన్న పరిస్థితి దీవుల్లో మరింత బిగుసుకోవడానికి ఇదీ ఒక కారణం.

నీటిని తట్టుకుంటుందన్న హామీ

ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం, ఏడాది పొడవునా ఉప్పుగాలి ఉండే చోట ‘నీటిని తట్టుకుంటుంది’ అన్న ప్రకటనకు ఆకర్షణ ఎక్కువ. ఆ సామర్థ్యాన్ని నిర్ధారించే పరీక్షలు మాత్రం ప్రయోగశాలలో, కదలిక లేని మంచినీటిలో జరుగుతాయి. సముద్రపు నీరు వాటి పరిధిలోకి రాదు.

ఈ అంతరం విదేశాల్లో న్యాయస్థానాల దాకా వెళ్లింది. గెలాక్సీ ఫోన్లను ఈత కొలనుల్లో, సముద్రపు నీటిలో వాడవచ్చన్న అభిప్రాయం కలిగించేలా ప్రకటనలు ఇచ్చినందుకు శామ్‌సంగ్ ఆస్ట్రేలియా సంస్థకు అక్కడి ఫెడరల్ కోర్టు 2022 జూన్‌లో 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. తడి ఆరకముందే ఛార్జింగ్ పెడితే పోర్టు తుప్పుపట్టి పనిచేయకుండా పోయే అవకాశం ఉందని ఆ కేసులో తేలింది. ఐఫోన్లు నీటిని తట్టుకుంటాయని ప్రచారం చేస్తూ, ప్రయోగశాల షరతులను స్పష్టంగా చెప్పకపోవడం, నీటి వల్ల కలిగిన నష్టాన్ని వారంటీ నుంచి మినహాయించడం తప్పుదోవ పట్టించేవేనని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020 నవంబరులో తేల్చి, యాపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది.

ఈ రెండు ఉదంతాల్లోనూ ఫోను నాసిరకమైనదని ఎవరూ అనలేదు. అమ్మకానికి ముందు పెద్ద అక్షరాల్లో చెప్పిన గుణాన్ని, అమ్మకం తరువాత చిన్న అక్షరాల్లో వెనక్కు తీసుకోవడమే తప్పుగా తేలింది.

నక్షత్రపు గుర్తు వెనుక

మన దేశంలోనూ ఇటువంటి తీర్పులు మొదలయ్యాయి. అయిదు నిమిషాల్లో ఆటో రాకుంటే 50 రూపాయలు ఇస్తామన్న ప్రకటనలకు గాను ర్యాపిడోపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) 2025 ఆగస్టులో రూ.10 లక్షల జరిమానా విధించింది. ఇచ్చేది నగదు కాదని, కొద్ది రోజుల్లో గడువు తీరిపోయే యాప్ నాణేలని, అవి కూడా ‘50 వరకు’ మాత్రమేనని విచారణలో వెల్లడైంది. షరతులను చదవడానికి వీలులేనంత చిన్న అక్షరాల్లో ఉంచడాన్ని సంస్థ తప్పుపట్టింది.

సీసీపీఏ 2022లో తెచ్చిన మార్గదర్శకాల్లో తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన నియమం ఒకటుంది. ప్రకటనలోని హామీ ఏ భాషలో ఉంటే, దానికి సంబంధించిన షరతు కూడా అదే భాషలో ఉండాలి. హామీని తెలుగులో వినిపించి, మినహాయింపును ఆంగ్లంలో దాచడం ఈ నియమానికి విరుద్ధం. బంగ్లా, హిందీ, తమిళం, తెలుగు, మలయాళం, నికోబారీ మాట్లాడే కుటుంబాలు ఇరుగుపొరుగుగా జీవించే దీవుల్లో ఈ నియమం విలువ మరింత ఎక్కువ.

చట్టం చూపిన దారి

వినియోగదారుల రక్షణ చట్టం 2019 దూరప్రాంతాల వారికి ఒక ముఖ్యమైన హక్కు ఇచ్చింది. కంపెనీ కార్యాలయం ఎక్కడ ఉన్నా, వినియోగదారుడు తాను నివసించే లేదా పనిచేసే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వీడియో ద్వారా విచారణ కోరే వీలుంది. టెలికాం సంస్థలపైనా వినియోగదారుల కమిషన్లను ఆశ్రయించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. అంతకుముందు 2009 నాటి తీర్పు ఆ దారికి అడ్డుగా ఉండేది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

అయినా ఇవన్నీ నష్టం జరిగిన తరువాత దొరికే పరిహారాలు. పది, పదిహేను వేల రూపాయల ఫోను కోసం నెలల తరబడి వ్యాజ్యం నడిపే ఓపిక రోజుకూలీకి ఉంటుందని ఆశించలేం. ఫిర్యాదుదారులు తక్కువగా ఉన్నారంటే సమస్య తక్కువగా ఉందని అర్థం కాదు.

కంపెనీలు చేయగలిగినది

కంపెనీల వాదనలోనూ నిజం లేకపోలేదు. నాలుగు లక్షల లోపు జనాభా, అదీ అనేక దీవులుగా విడిపోయిన చోట, ప్రతి రేవులోనూ సేవా కేంద్రం నడపడం గిట్టుబాటు కాదు. రవాణా ఖర్చు, వాతావరణం వారి చేతుల్లో లేనివి. కానీ వినియోగదారుడు అడుగుతున్నది వీధికో సేవా కేంద్రం కాదు, కొనే ముందే వాస్తవం తెలియాలని.

అది తెలియజేసే సాధనం కంపెనీల దగ్గర ఇప్పటికే ఉంది. ఆన్‌లైన్‌లో వస్తువును ఎంచుకోగానే పిన్ కోడ్ అడిగే గడి కనిపిస్తుంది. సరుకు ఏ తేదీన చేరుతుందో అది చెబుతుంది. వస్తువు చేరే రోజును లెక్కగట్టగల కంపెనీకి, అదే పిన్ కోడ్ నుంచి మరమ్మతుకు ఎన్ని రోజులు పడుతుందో, సమీప సేవా కేంద్రం ఎక్కడుందో, రానుపోను ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పడం అసాధ్యం కాదు. వస్తువుల వాపసు, వారంటీ, బట్వాడా వివరాలు వెల్లడించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఇప్పటికే కోరుతున్నాయి. వాటిని పిన్ కోడ్ వారీగా చూపాలన్నది ఆ నియమాల స్ఫూర్తికి కొనసాగింపే. వస్తువు మరమ్మతుకు వెళ్లి వచ్చే రోజులను వారంటీ కాలం నుంచి మినహాయించడం న్యాయమైన మరో అడుగు.

ఐరోపా సమాఖ్య మరింత ముందుకు వెళ్లింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ విపణిలోకి వచ్చే ఫోన్లకు, అమ్మకాలు ముగిశాక కూడా ఏడేళ్లపాటు విడిభాగాలు అందించాలి. మరమ్మతుకు అవి ఎంత అనువైనవో తెలిపే లేబుల్‌ను వాటితో పాటు ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. సమాచారం ఒకచోట చేర్చడం వరకు అది మేలే. విడిభాగాలు నిర్ణీత గడువులో అందాలన్న బాధ్యతను చట్టం ద్వారా నిర్దేశించవలసి ఉంది.

సముద్రగర్భ కేబుల్ దక్షిణాన గ్రేట్ నికోబార్ వరకు చేరింది. దాని మీదుగా అక్కడికి ప్రకటనలు వెళ్తున్నాయి, ఆర్డర్లు వస్తున్నాయి, చెల్లింపులు క్షణాల్లో పూర్తవుతున్నాయి. పెట్టె మీద ‘దేశవ్యాప్త వారంటీ’ అని ముద్రించే కంపెనీ ఆ దేశంలో క్యాంప్‌బెల్ బే కూడా ఉన్నదని గుర్తించాలి. అక్కడి వినియోగదారునికి ఆ వారంటీ ఎన్నాళ్లలో, ఎంత ఖర్చుతో అందుతుందో డబ్బు తీసుకునే ముందే చెప్పాలి.